మొదటి గడప ఎంత దూరం

పెన్న ఒడ్డున సంగంలో ఒకరికి అర్ధరాత్రి గుండెల్లో నొప్పి మొదలైతే ఇంటివాళ్ల నోట వచ్చే ఊళ్ల వరస నెల్లూరు జిల్లాలో అందరికీ కంఠతా వచ్చిందే. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ. తర్వాత ఆత్మకూరో, బుచ్చిరెడ్డిపాళెమో. అక్కడ్నించి నెల్లూరు. నెల్లూరులో తేలకపోతే మద్రాసు. ఏళ్ల తరబడి పట్టి పీడించే జబ్బయితే వేలూరు. చెన్నై అని పేరు మారి ముప్పై ఏళ్లవుతున్నా, జబ్బు మాట వచ్చేసరికి నెల్లూరు సీమలో ఇంకా మద్రాసే. ఈ దారిలో ప్రతి మజిలీకీ ఒక ధర ఉంది. బస్సు చార్జీ, తోడు వెళ్లినవాళ్ల కూలి, లాడ్జి గది, పరీక్షలు మళ్లీ మొదట్నించి, తాకట్టుకు వెళ్లిన కమ్మలు. రోగం ఎంత పెద్దదన్న దానికంటే, మొదటిసారి చేయి పట్టి చూసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్న దాన్ని బట్టే ఈ ఖర్చు పెరుగుతుంది.

ఏప్రిల్ 7 ప్రపంచ ఆరోగ్య దినం. 1948లో ఆ రోజే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి అమల్లోకి వచ్చింది. ఏటా వచ్చిపోయే ఈ దినం 2026లో మూడు పాత సంగతులను వెంటబెట్టుకు వచ్చింది. శ్రీలంకలోని కళుతరలో తొలి హెల్త్ యూనిట్ మొదలై నూరేళ్లు. మన దేశంలో భోర్ కమిటీ నివేదిక ఇచ్చి 80 ఏళ్లు. అప్పటి సిలోన్ ప్రభుత్వం తన ఆసుపత్రుల్లో రుసుములు ఎత్తేసి 75 ఏళ్లు. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూస్తే, మన వైద్యం ఎక్కడ గట్టిపడిందో ఎక్కడ దారి తప్పిందో తేటగా కనిపిస్తుంది.

పటం మీద నెల్లూరు నుంచి సూటిగా దక్షిణానికి గీత గీస్తే జాఫ్నాకు తగులుతుంది. రెండూ 80 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆనుకుని ఉన్న ఊళ్లే. మధ్య దూరం అయిదు వందల కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఢిల్లీ అంతకు సుమారు మూడు రెట్లు దూరం. అయినా మనం వైద్యానికి కొలతగా ఢిల్లీనో, మద్రాసు కార్పొరేట్ ఆసుపత్రినో, పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న అమెరికానో పెట్టుకున్నాం. సముద్రం అవతలి పొరుగును తలెత్తి చూడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనాల ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు భారతదేశంలో 103, శ్రీలంకలో 29. ఆ దేశం మనకంటే డబ్బున్నది కాబట్టి అనుకుని పక్కన పెట్టడం తేలిక. కానీ ఈ తేడా వాళ్ల చేతిలో డబ్బు లేని రోజుల్లోనే మొదలైంది.

1930లో అక్కడ లక్ష ప్రసవాలకు రెండు వేల మందికి పైగా తల్లులు చనిపోయేవారు. 1950 నాటికి ఆ సంఖ్య అయిదు వందల దరిదాపులకు దిగింది. ఇరవై ఏళ్లలో ఇంత మార్పు తెచ్చింది పెద్ద ఆసుపత్రులు కావు. 1926లో కళుతరలో ఒక పద్ధతి మొదలైంది. కొంత ప్రాంతాన్ని హద్దులు గీసి ఒక వైద్యాధికారికి అప్పగించడం, ఆయన కింద మిడ్‌వైఫ్‌లను, శానిటరీ ఇన్‌స్పెక్టర్లను పెట్టడం, ఆ హద్దుల్లో పుట్టే ప్రతి బిడ్డకూ, గర్భిణి అయిన ప్రతి స్త్రీకీ వాళ్లనే జవాబుదారులను చేయడం. రోగి వచ్చేదాకా ఎదురుచూసే ఆసుపత్రికీ, రోగం రాకముందే గడప తొక్కే మిడ్‌వైఫ్‌కూ ఉన్న తేడా అక్కడ మొదలైంది. నేటికీ అక్కడ సుమారు మూడు వేల జనాభాకు ఒక పబ్లిక్ హెల్త్ మిడ్‌వైఫ్ ఉంటుంది. పెళ్లయి వచ్చిన కొత్త కోడలు పేరు ఆమె రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఒక తల్లి చనిపోతే ఆ మరణం మీద విచారణ జరిగి తీరుతుంది.

దీని వెనక ఓటు ఉంది. సిలోన్‌లో 1931లోనే ఆడా మగా అందరికీ ఓటు హక్కు వచ్చింది. మనకంటే ఇరవై ఏళ్లు ముందు. పల్లె ఓటుతో గెలిచినవాడు పల్లెకు ఏదో ఒకటి తేవాలి కదా. ఆ వెంటనే 1934–35లో మలేరియా విరుచుకుపడింది. అరకోటికి పైచిలుకు జనాభా ఉన్న ద్వీపంలో దాదాపు 80 వేల మంది పోయారు. క్వినైన్ సీసాలు పట్టుకుని ఊళ్లు తిరిగిన యువకుల్లో కొందరు తర్వాత వామపక్ష నాయకులయ్యారు. పల్లె దగ్గర ఆసుపత్రి లేకపోవడమంటే ఏమిటో ఆ రెండేళ్లలో దేశమంతా చూసింది. ఆ తర్వాత పల్లెల్లో ఆసుపత్రులు కట్టడం మొదలైంది. 1951లో రుసుములు ఎత్తేశారు. అప్పటికి అది ధనిక దేశమేమీ కాదు. తేయాకూ రబ్బరూ అమ్ముకుని బతికే చిన్న ద్వీపం.

మన వైపు చూద్దాం. 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. అందులో సభ్యుడైన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ మద్రాసు వైద్య ప్రపంచంలో పెద్ద పేరు. పుట్టింది మన కర్నూలులో. ఆ కమిటీ చూపిన లెక్కలు ఇప్పుడు చదివినా గుండె తరుక్కుపోతుంది. బ్రిటిష్ ఇండియాలో సగటు ఆయుర్దాయం 27 ఏళ్ల లోపు. 1937లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పసివాళ్లలో 162 మంది ఏడాది నిండకుండానే పోయారు. డబ్బు కట్టలేడన్న కారణంతో ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదని కమిటీ కుండబద్దలు కొట్టి చెప్పింది. తక్షణం 40 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పెట్టాలంది. కాగితం మీద మనది ఏ దేశానికీ తీసిపోదు. అమలుకు వచ్చేసరికి స్వతంత్ర భారతం పెద్ద సంస్థలకు, మెడికల్ కాలేజీలకు ఇచ్చిన శ్రద్ధ పల్లె గడపకు ఇవ్వలేదు. జాతీయ ఆరోగ్య విధానం 2017లో, ప్రభుత్వాలు ఆరోగ్యం మీద పెట్టే ఖర్చును 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి తెస్తామని మాట ఇచ్చింది. 2021–22లో కోవిడ్ ఖర్చంతా కలుపుకున్నా అది 1.84 శాతమే.

నెల్లూరు జిల్లాకు ఈ చరిత్రలో సొంత పేజీ ఉంది. ఎముకలు వంకర్లుపోయే ఫ్లోరోసిస్ మన దేశంలో ఉందని వైద్య పత్రికల్లో తొలిసారి నమోదైంది 1937లో, ఈ జిల్లాలోనే. దర్శి, పొదిలి ప్రాంతాలు అప్పటికి నెల్లూరు జిల్లావి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాకే విడిపోయాయి. బావి నీళ్లు తాగి నడుం వంగిన రైతుకు ఏ ఆసుపత్రీ చేయగలిగింది లేదు. ఆయనకు కావలసిన వైద్యం మంచినీళ్లు. ఆ తర్వాత రెండేళ్లకు, 1939లో, మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. నీళ్లు, మురుగు, అంటురోగాలు, తల్లీబిడ్డల సంరక్షణ ప్రభుత్వ బాధ్యతలని రాసిన ఆ చట్టం ఈ దేశంలో ఆ తరహాలో మొదటిది. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో భాగం. అంటే తమిళనాడు వైద్యాన్ని ఇవాళ మనం పొరుగింటి వైభవంలా చూస్తున్నాం గానీ, దాని పునాది వేసినప్పుడు ఇల్లు ఒక్కటే. ఆ పునాది మీద వాళ్లు కట్టుకుంటూ పోయారు. మనం రాజధానిని మూడుసార్లు మార్చుకున్నాం. పెద్దాసుపత్రి మాత్రం నెల్లూరు వాళ్లకు మద్రాసు సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే ఉండిపోయింది.

వైద్యం దగ్గరకు రావాలని ఈ జిల్లాలో ఎవరూ అనుకోలేదనడం తప్పు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరులో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి నడిపింది, నర్సులను తయారుచేసింది. అలగానిపాడు బిడ్డ పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాలను నిలబెట్టారు. తక్కువ ఖర్చుతో వైద్యం చేయడంతో ఆగకుండా, పల్లెల్లో పనిచేయగల వైద్య సహాయకులకు అక్కడ శిక్షణ ఇచ్చారు. ఆయన ఆలోచనకూ కళుతర ఆలోచనకూ చుట్టరికం ఉంది. పల్లెలో ఉండే మనిషికే కాస్త విద్య నేర్పి, ఆ మనిషి వెనక డాక్టరు నిలబడాలి. ప్రభుత్వం చేయాల్సిన ఆ పనిని ఒక డాక్టరు, కొందరు కార్యకర్తలు తలకెత్తుకున్నారు. ప్రభుత్వం దాన్ని అందిపుచ్చుకోలేదు. ఖాళీగా మిగిలిన చోట్లలో శిక్షణ ఉన్న ఆర్‌ఎంపీ, లేని ఆర్‌ఎంపీ కలిసిపోయి, సెలైన్ బాటిలే వైద్యమయింది.

ఇక మన రాష్ట్రం గొప్పగా చేసిన పని. 2005 ఆగస్టు 15న 108 రోడ్డెక్కింది. అదే ఏడాది జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్త వచ్చింది, ఆసుపత్రిలో కాన్పుకు జననీ సురక్ష డబ్బు వచ్చింది. ఫలితం లెక్కల్లో ఉంది. 2004–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోగా, 2018–20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు, తెలంగాణలో 43కు తగ్గింది. దేశ సగటు అప్పటికి 97. మనం ఎప్పుడూ పైకి చూసే తమిళనాడులో 54. కేరళ 19తో అందరికంటే ముందుంది. ఈ అంకెల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కాన్పు విషయంలో మనం తమిళనాడును దాటాం. ఎలా దాటాం? గర్భిణి పేరు రాసుకునే ఏఎన్‌ఎం ఊళ్లో ఉంది. నొప్పులొస్తే వెంట నడిచే ఆశా పక్క వీధిలో ఉంది. ఫోన్ చేస్తే బండి వచ్చింది. చనిపోతే ఎందుకు పోయిందని కలెక్టరు స్థాయిలో అడిగే పద్ధతి వచ్చింది. శ్రీలంక పద్ధతిని, పేరు చెప్పకపోయినా, కాన్పు ఒక్కదానికి మనమూ పాటించాం. పాటించిన చోట గెలిచాం.

షుగరుకు, బీపీకి, గుండెకు, కిడ్నీకి ఆ పని చేయలేదు. వాటికి ఇంకో దారి పట్టాం.

2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ ప్రారంభించింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. తెల్లకార్డు చేతిలో ఉన్న కూలి మనిషి కార్పొరేట్ ఆసుపత్రి ఏసీ గదిలో పడుకుని గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికి నడిచి రావడం ఈ రాష్ట్రంలో అంతకుముందు ఎవరూ చూడలేదు. చెవుల్లో వినికిడి యంత్రం అమర్చుకున్న పసిపిల్లలు ఇవాళ కాలేజీల్లో ఉన్నారు. 2018 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌కు దారి చూపినవాటిలో ఇదీ ఒకటి. 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆసుపత్రుల్లో కూడా 716 రకాల చికిత్సలకు ఈ కార్డు చెల్లేలా చేశారు. నెల్లూరు వాళ్లు తరాలుగా సొంత ఖర్చుతో పోతున్న దారికి ప్రభుత్వం తన పేరు వేయడమే అది.

కానీ ఆరోగ్యశ్రీ జబ్బు చివర్లో మొదలవుతుంది. రక్తనాళం మూసుకుపోయాక స్టెంటుకు డబ్బిస్తుంది. మూసుకుపోకముందు పదేళ్లపాటు రోజూ వేసుకోవాల్సిన బీపీ బిళ్ల ఆ కార్డులో లేదు. కిడ్నీ చెడిపోయాక డయాలసిస్ ఉంది. చెడిపోతోందని చెప్పే క్రియాటినిన్ పరీక్ష కోసం మనిషి ఊళ్లో ల్యాబు వెతుక్కోవాలి. మన దేశంలో జేబు నుంచి పోయే వైద్య ఖర్చులో పెద్ద వాటా మందులదే. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మొత్తం వైద్య ఖర్చులో జేబు ఖర్చు 2013–14లో 64.2 శాతం ఉండగా 2021–22కు 39.4 శాతానికి తగ్గింది. మంచి మార్పే. అయినా ఆ మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నెలనెలా మందుల షాపు గల్లాలో పడేది, ఏ బీమా కార్డూ ముట్టుకోనిది. పైగా కార్డు మీద ఆధారపడిన వైద్యం ప్రభుత్వ ఖజానా ఊపిరి మీద నడుస్తుంది. బకాయిలు పేరుకుపోయాయని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేయడం ఈ రెండు మూడేళ్లలో ఎన్నిసార్లు చూశాం! ఆ రోజుల్లో కార్డు పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడ్డవాడికి పార్టీ ఏదైనా ఒకటే.

పేరు ఎన్నిసార్లు మారిందో కూడా గుర్తు చేసుకోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ, మళ్లీ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. 1951 నుంచి శ్రీలంకలో పార్టీలు ఎన్నో మారాయి, అంతర్యుద్ధం పాతికేళ్లు నడిచింది. ఆసుపత్రి ఉచితం అన్న మాట మాత్రం నేటికీ నిలిచే ఉంది. యుద్ధం నడుస్తున్న ఉత్తర ప్రాంతంలోనూ మలేరియా పని ఆగలేదు. 2012 అక్టోబరు తర్వాత దాదాపు నాలుగేళ్లు అక్కడ స్థానికంగా ఒక్క మలేరియా కేసూ పుట్టలేదు. 2016 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మలేరియా లేని దేశంగా ప్రకటించింది. ఆ గెలుపు కూడా ఒక ఓటమి నేర్పినదే. 1963లో ఆ ద్వీపంలో కేసులు 17కు దిగాయి. ఇక అయిపోయిందని పట్టు సడలించారు. 1968–69 నాటికి జబ్బు లక్షల్లో తిరిగొచ్చింది.

వేలూరు సీఎంసీ ఆవరణలో పొరుగు దేశాల కథ మొత్తం ఒకే బెంచీ మీద కూర్చుని ఉంటుంది. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన చోటు అది. చుట్టుపక్కల లాడ్జీల, మందుల షాపుల బోర్డుల మీద తమిళం పక్కన తెలుగు, తెలుగు పక్కన బెంగాలీ. నెల్లూరు, చిత్తూరు, కడప మనుషుల పక్కనే బెంగాలీలు, బంగ్లాదేశీయులు వరసలో ఉంటారు. భూటాన్ తన దేశంలో కుదరని వైద్యానికి రోగులను ప్రభుత్వ ఖర్చుతో మన దేశపు ఆసుపత్రులకు పంపుతుంది. బంగ్లాదేశ్ రోగి పొలం అమ్మిన డబ్బుతో వస్తాడు. ఆ దేశంలో వైద్య ఖర్చులో మూడింట రెండు వంతులకు పైగా జేబులోంచే పోతుంది. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలాక మన వీసాలు బాగా తగ్గిపోయాయి. మరుసటి ఏడాది మార్చిలో అక్కడి రోగుల తొలి బృందం చైనాలోని కున్మింగ్‌కు వెళ్లింది. సరిహద్దు అవతలి ఆసుపత్రి మీద ఆధారపడ్డ వైద్యం ఎంత పలచని తాడు మీద వేలాడుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. చెక్‌పోస్టు లేకపోవడం వల్ల మనకు కనిపించడం లేదు గానీ, తడ దాటి వెళ్లే నెల్లూరు రోగి కూడా మరో ప్రభుత్వం పెట్టుబడి మీద ఆధారపడుతున్నవాడే. 2020 లాక్‌డౌన్‌లో సరిహద్దులు మూసినప్పుడు అది తెలిసొచ్చింది.

అదే బంగ్లాదేశ్ ఇంకో సంగతి నేర్పింది. 1971 యుద్ధంలో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా ముమ్మరమై సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు తాగించి, శిబిరంలో మరణాలను సుమారు 30 శాతం నుంచి నాలుగు శాతం లోపుకు తెచ్చారు. స్వతంత్ర బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ ఆడవాళ్లను పంపి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్ల లెక్క కోటీ ఇరవై లక్షల ఇళ్లకు నేర్పింది. నేర్పినవాళ్ల జీతం, తల్లులకు ఆ పాఠం ఎంత గుర్తుందన్న దాన్ని బట్టి ఉండేది. 1982లో ఆ దేశం మందుల విధానం తెచ్చి, పనికిరానివి, హానికరమైనవి అని 1,700 దాకా మందులను బజారు నుంచి తీసేసింది. దాని వెనక నిలిచినవాడు డాక్టర్ జఫ్రుల్లా చౌధురి, సావర్‌లో గణస్వాస్థ్య కేంద్ర పెట్టి పల్లె పిల్లలను వైద్య సహాయకులుగా తీర్చిదిద్దినవాడు. బజారు వైద్యం విషయంలో బంగ్లాదేశ్ నేటికీ పేదవాడిని కాపాడలేకపోతోంది. ఇంటి గడప దగ్గర చేసిన పనిలో మాత్రం పెద్ద పెద్ద దేశాలకు పాఠం చెప్పింది. 2023లో కాలా అజార్‌ జ్వరాన్ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసిన తొలి దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది.

శ్రీలంకతో మనకు ఒక బాధాకరమైన చుట్టరికం ఉంది. శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య మనుషుల కిడ్నీలు ఎందుకు చెడిపోతున్నాయో కచ్చితంగా ఎవరూ చెప్పలేకపోయారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, అనురాధపుర, పొలొన్నరువ వరి రైతుల్లో, 1990ల నుంచి అదే జబ్బు, అదే ప్రశ్న. షుగరు లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీ పోతుంది. నీళ్లా, ఎండలో శ్రమా, పురుగుమందులా అన్నది రెండు చోట్లా తేలలేదు. రెండు చోట్లా ఇంచుమించు ఒకే కాలంలో పెద్దాసుపత్రులు లేచాయి. పొలొన్నరువలో చైనా సాయంతో కట్టిన కిడ్నీ ఆసుపత్రి 2021లో తెరిచారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి 700 కోట్ల మంచినీటి పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఆసుపత్రి కంటే ఆ నీటి గొట్టమే ఉద్దానానికి పెద్ద వైద్యమని మా నమ్మకం. 1937 నాటి దర్శి, పొదిలి బావులు చెప్పింది కూడా అదే. ఆ రెండు ప్రాంతాల డాక్టర్లు ఒకరి రిజిస్టర్లు ఒకరు చూసుకునే ఏర్పాటు ప్రభుత్వాలు కలిసి చేయాలి. ఒకే జబ్బును ఒంటరిగా, చెరో ఒడ్డున కూర్చుని వెతుక్కోవడంలో అర్థం లేదు.

శ్రీలంకను నెత్తిన పెట్టుకోమనడం లేదు. అక్కడా బయటి రోగుల్లో దాదాపు సగం మంది ప్రైవేటు డాక్టర్ల దగ్గరికే పోతారు. పెద్దాసుపత్రుల్లో మంచం లేక నేల మీద పడుకునేవాళ్లున్నారు. 2022లో విదేశీ మారకం అడుగంటినప్పుడు మందులు లేక పేరాదెణియ బోధనాసుపత్రిలో ముందే ఖాయం చేసిన ఆపరేషన్లు ఆపేశారు. వందల మంది డాక్టర్లు దేశం విడిచి వెళ్లారు. ఆ కొరత మాటున నాసిరకం ఇమ్యునోగ్లోబులిన్ కొన్న వ్యవహారంలో మాజీ ఆరోగ్య మంత్రే 2024 ఫిబ్రవరిలో అరెస్టయ్యాడు. ఉచితం అన్న మాట ఒక్కటే మందును అల్మరాలోకి తేలేదు. కానీ గమనించాల్సింది ఇంకొకటుంది. అంత కటకటలోనూ మిడ్‌వైఫ్ ఇంటింటికీ తిరగడం, టీకా వేయడం పూర్తిగా నిలిచిపోలేదు. పై అంతస్తు బీటలు వారినా కింది అంతస్తు నిలిచింది.

మన దగ్గర 2021 మేలో ఇదే తిరగబడి కనిపించింది. ఆక్సిజన్ పడకల కోసం నెల్లూరులో మనుషులు తిరుగుతున్న రోజుల్లో, కృష్ణపట్నంలో నాటు మందు ఇస్తున్నారని తెలిసి వేలాది జనం తరలివెళ్లారు. అంబులెన్సుల్లో రోగులను కూడా తీసుకెళ్లారు. వాళ్లను మూఢులని తిట్టిన వాళ్లున్నారు. పిలిస్తే పలికే డాక్టరు పక్కన ఉండి, ఇదీ నీ పరిస్థితి అని నమ్మకంగా చెప్పి ఉంటే అంత జనం అటు పరుగెత్తేవారా అని ఆలోచించినవాళ్లు తక్కువ. ఆ గుంపులో ఉన్నది అజ్ఞానం కంటే దిక్కులేనితనం.

చేయదగిన పనులు తెలియనివేమీ కావు. మందుల విషయంలో తమిళనాడు 1994లో ఒక కార్పొరేషన్ పెట్టి, జిల్లాకో గిడ్డంగి కట్టి, ప్రతి ఆసుపత్రికీ పాసుపుస్తకం ఇచ్చింది. ఏ ఆసుపత్రిలో ఏ మందు ఎంత మిగిలిందో దాన్ని బట్టి తెలిసేది. 2021 ఆగస్టు నుంచి బీపీ, షుగరు బిళ్లలు ఇంటికే తెచ్చి ఇస్తోంది. 2023 జూన్ నుంచి గుండెపోటు లక్షణాలతో వచ్చినవాళ్లకు పీహెచ్‌సీలోనే మొదటి మోతాదు మందులు, మొత్తం 14 బిళ్లలు, వేసి పెద్దాసుపత్రికి పంపుతోంది. అదే ఏడాది సెప్టెంబరులో మన రాష్ట్రమూ గుండెపోటుకు గడ్డ కరిగించే ఖరీదైన ఇంజెక్షన్‌ను ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. పదివేలకు పైగా విలేజ్ క్లినిక్కులు పెట్టి, బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను కూర్చోబెట్టింది. పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్న ఏర్పాటు వచ్చింది. ఆలోచన సరైనదే. శ్రీలంక నూరేళ్ల కిందట పట్టిన దారికి మనం ఆలస్యంగా చేరుకుంటున్నాం. ప్రభుత్వం మారగానే ఆ క్లినిక్కు గోడ మీద బోర్డు మారింది. లోపల కూర్చున్న అమ్మాయి ఉద్యోగం పర్మినెంటో కాదో మాత్రం రెండు ప్రభుత్వాల హయాంలోనూ తేలలేదు. సచివాలయం పనులు, సర్వేలు, యాప్‌లలో ఫొటోలు ఎక్కించడం మధ్య ఏఎన్‌ఎంకు ఇంటి గడప తొక్కే తీరిక తగ్గిపోతోంది.

సంగం మండలంలో, ఇలాంటి ప్రతి మండలంలో ఈ ఏడాది అడగాల్సిన సందర్భం వచ్చింది. 2021 ఫిబ్రవరిలో గెలిచిన పంచాయతీల అయిదేళ్లు నిండాయి. 2021 నుంచి 2026 దాకా ఆరోగ్యానికని స్థానిక సంస్థల ద్వారా 70,051 కోట్ల రూపాయలు ఖర్చుపెట్టాలని పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. సబ్‌సెంటర్ల భవనాలకు, పీహెచ్‌సీల్లో పరీక్షల సదుపాయాలకు ఉద్దేశించిన డబ్బు అది. మన ఊరికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయిందని గ్రామసభలో అడగాలి. బీపీ, షుగరు బిళ్లలు గత పన్నెండు నెలల్లో ఎన్ని రోజులు లేవో విలేజ్ క్లినిక్కు గోడ మీద రాయించాలి. నలభై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి పేరూ, గర్భిణి పేరు రాసినట్టే, ఏఎన్‌ఎం రిజిస్టరులో ఉండాలి. క్రియాటినిన్ పరీక్ష ఏడాదికోసారి ఊళ్లోనే జరగాలి. యాభై ఏళ్ల లోపు మనిషి గుండెపోటుతోనో కిడ్నీ చెడిపోయో చనిపోతే, తల్లి మరణం మీద చేసినట్టే, మొదటి బీపీ పరీక్ష ఎప్పుడు జరిగింది, బిళ్ల ఎన్నాళ్లు అందింది, బండి ఎంతసేపట్లో వచ్చిందన్న విచారణ జిల్లా స్థాయిలో జరగాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త కార్డు అంతకంటే అక్కర్లేదు. సర్పంచి ఓటు అడగడానికి వచ్చినప్పుడు రోడ్డు, లైటు, కాలువ నీళ్ల తర్వాత నాలుగో మాటగా ఇవి అడగాలి.